యిర్మియా చూపించిన సముద్రం

యిర్మియా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ ఊరు చూడడానికని రైలెక్కలేదు. బొగ్గు ఎక్కడ పడితే అక్కడికి పోయారు, అంతే. తాత ఇల్లందు గనుల్లో పనిచేశాడు. అక్కడ పని తగ్గాక తండ్రి ఆమోసు పెళ్ళాం పిల్లలతో కొత్తగూడెం చేరాడు. యిర్మియా పెరిగింది అక్కడి కార్మికుల ఇళ్ళ లైన్లలోనే. గోదావరి ఒడ్డున కొత్త గనులు తెరుస్తున్నారని తెలిసి, 1962లో భార్య సుసన్నాను, ఎనిమిదేళ్ళ కొడుకు దయాసాగర్‌ను, నాలుగేళ్ళ కూతురు సుగుణమణిని వెంటబెట్టుకుని అతను గోదావరిఖని వచ్చాడు.

వచ్చిన కొత్తలో అక్కడ తడికల గుడిసెలు, కంప చెట్లు, ఎండ తప్ప ఏమీ లేవు. పిల్లలకు బడి దొరకడానికే రెండేళ్ళు పట్టింది. అందుకే దయాసాగర్ పదో తరగతి పరీక్ష రాసేనాటికి పద్దెనిమిదో ఏడు నడుస్తోంది.

యిర్మియా ఫిల్లరు. పేల్చిన బొగ్గును చెమ్మసు అనే వెడల్పాటి పారతో తట్టకెత్తి, తట్టను నెత్తికెత్తుకుని పట్టాల మీది టబ్బులో పోయడం అతని పని. ఫస్టు షిఫ్టయితే పిల్లలు లేవకముందే వెళ్ళేవాడు. సెకండు షిఫ్టయితే వాళ్ళు నిద్రపోయాక వచ్చేవాడు. మూడోదైతే పగలంతా పడుకునేవాడు. పిల్లలకు తెలిసిన తండ్రి ఎక్కువగా గోడవైపు తిరిగి పడుకున్న వీపే. ఆ వీపు దగ్గర గొంతు పెంచి మాట్లాడితే సుసన్నా వేలు చూపించి బయటికి పంపేది. దయాసాగర్‌కు ఊహ తెలిసిన తర్వాత తండ్రితో కలిసి నాలుగడుగులు నడిచిన గుర్తు కూడా లేదు. అతనికి తండ్రి మీద కోపమని చెప్పలేం కానీ, చనువు మాత్రం లేదు.

1971 వానాకాలంలో యిర్మియాకు ఆయాసం మొదలైంది. ముందు తట్ట ఎత్తినప్పుడు వచ్చేది. తర్వాత వట్టి చేతులతో మెట్లెక్కినా వచ్చేది. అతని జోడీ నర్సింగం, పక్క పల్లె నుంచి పనికొచ్చినవాడు, నెల రోజులు గమనించి ఏమీ అడగలేదు. తన తట్టలు గబగబా పోసేసి, యిర్మియా వంతు టబ్బు కూడా సగం నింపడం మొదలుపెట్టాడు. ఒకనాడు యిర్మియా వద్దన్నాడు.

"ఊకో బావా. నాకు గీ బొగ్గు బరువే కాదు," అన్నాడు నర్సింగం. "గని దవాఖానల ఒక్కసారి సూపిచ్చుకోరాదు?"

"సూపిచ్చుకుంటె ఏమంటరో నాకెర్కే. అన్‌ఫిట్ అంటరు. నా జాగల మా పోరన్ని తీస్కుంటమంటరు. వాడు సదువుకుంటున్నడు నర్సింగం. మంచిర్యాలల కాలేజీకి పోతనంటున్నడు. ఇంకో నాలుగేండ్లు ఎట్లనన్న నడిపిస్త."

ఇంట్లో మాత్రం జలుబని చెప్పాడు. జలుబు చలికాలం దాటి ఎండాకాలం దాకా వచ్చింది. అప్పుడే అతనికి ఒక ఆలోచన పుట్టింది. పరీక్షా ఫలితాలు వస్తే కొడుకు మంచిర్యాల పోతాడు, అక్కడే ఉండి చదువుకుంటాడు. తర్వాత నలుగురూ ఒక్కచోట ఉండేది ఎప్పుడో! సెలవు మీద ఊళ్ళకు వెళ్ళేవాళ్ళకు గని కంపెనీ ఇంటిల్లిపాదికీ రైలు చార్జీలిస్తుంది. ఇన్నేళ్ళలో అతను దాన్ని ఒక్కసారీ వాడుకోలేదు. కాళ్ళలో శక్తి ఉండగానే పిల్లలకు ఏదైనా చూపించాలి.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం గుడి నుంచి వచ్చాక, అన్నాల దగ్గర ఆ మాట బయటపెట్టాడు.

"ఎండకాలం సెలవులల్ల ఏడికన్న పోదామనుకుంటున్న. ఏడికి పోదామో మీరే చెప్పుండ్రి."

ముగ్గురూ తినడం ఆపి అతని మొహం చూశారు. ముందుగా తేరుకుంది సుసన్నా.

"మెదక్ పోదామయ్యా. గంత పెద్ద గుడి అంట. సచ్చేలోపట ఒక్కసారన్న అండ్ల మోకాలూనాలె."

"నాగార్జునసాగర్ పోదాం బాపూ," అంది సుగుణమణి. ఆమెకప్పుడు పద్నాలుగేళ్ళు. "మా టీచరు పోయొచ్చింది. లాంచీల కూసోవెట్టుకొని నీళ్ళ నడుమ కొండకాడికి తీస్కపోతరంట."

తండ్రి రెండోసారి అడిగితే, దయాసాగర్ కంచంలోకి చూస్తూనే చెప్పాడు.

"పేరుల సముద్రం పెట్టిండ్రు. సూపిచ్చినోళ్ళు లేరు."

యిర్మియాకు ఆ మాట ఎక్కడో తగిలింది. ఆ పిల్లవాడు అతన్ని నోరు తెరిచి ఏదీ అడిగినవాడు కాదు. చెప్పులు తెగినా తల్లితో చెప్పించేవాడు.

"అయితె మద్రాసు పోదాం," అన్నాడు.

సుగుణమణి మూతి ముడిచింది కానీ ఒక పూటకే. వాళ్ళ చర్చి అయ్యగారు మద్రాసులో ఉన్న ఒక తెలుగు క్రైస్తవ సంఘానికి ఉత్తరం రాసిచ్చారు. వేసవి సెలవుల్లో ఖాళీగా ఉన్న వాళ్ళ బడి వరండాలో నాలుగు రోజులు పడుకోవచ్చు. సుసన్నా జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు మూటగట్టింది. మే నెల రెండో వారంలో నలుగురూ రామగుండం స్టేషన్‌లో పాసింజరెక్కి, కాజీపేటలో మద్రాసు రైలు పట్టుకున్నారు. పెట్టె నిండా జనం. సుగుణమణి కిటికీ వదల్లేదు. స్టేషన్ పేర్లన్నీ పైకి చదువుతూ పోయింది. కృష్ణ దాటేటప్పుడు తల్లీ కూతుళ్ళు ఇద్దరూ లేచి నిలబడి చూశారు.

మద్రాసులో దిగినరోజు మధ్యాహ్నం దాకా వరండాలో అలసట తీర్చుకున్నారు. ఎండ కాస్త వాలాక బడి కావలిదారు బస్సు నంబరు చెబితే, దానిలో సముద్రం దగ్గరికి వెళ్ళారు.

బస్సు దిగగానే నీలంగా ఒక గీత కనిపించింది. గాలి ఉప్పుగా ముఖాన కొట్టింది. రోడ్డు నుంచి నీళ్ళ దాకా ఇసుక. అంత ఇసుక ఉంటుందని యిర్మియా అనుకోలేదు. గోదావరి ఇసుక అతనికి తెలుసు, కానీ అక్కడ ఎప్పుడూ ఆగకుండా నడవాల్సిన పని పడలేదు. పిల్లలిద్దరూ చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తారు. సుసన్నా కొంగు బిగించి వాళ్ళ వెనకే పోయింది. యిర్మియా అడుగులో అడుగు వేశాడు. కాలు దిగబడుతోంది. యాభై అడుగులు వేసేసరికి రొమ్ములో ఎవరో గుడ్డ కుక్కినట్టయింది. కూర్చున్నాడు. లేచి ఇంకొంచెం నడిచాడు. మళ్ళీ కూర్చున్నాడు. మూడోసారి కూర్చున్నాక లేవలేకపోయాడు. పక్కనుంచి ఉడికించిన శనగలు అమ్మే మనిషి అరుస్తూ పోయాడు. అతని గొంతూ, అలల చప్పుడూ యిర్మియాకు చాలా దూరం నుంచి వస్తున్నట్టు వినిపించాయి.

దయాసాగర్ నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి వెనక్కి తిరిగాడు. తండ్రి కనబడలేదు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి వెతికితే, రోడ్డుకూ నీళ్ళకూ మధ్య, ఇసుకలో వదిలేసిన మూటలాగా కనిపించాడు. ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి రొమ్ము మీద. పగటి వెలుగులో, నలుగురి మధ్య, తండ్రిని అంత తేరిపార చూడడం అతనికదే మొదలు. నలభై నాలుగేళ్ళ మనిషి. పక్కనుంచి పోతున్న ముసలివాళ్ళు అతనికంటే చురుగ్గా నడుస్తున్నారు.

కొడుకు వెనక్కి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఎన్నొద్దుల సంది బాపూ?"

"ఏంది?"

"గీ దమ్ము."

"ఉసికె గదరా. ఉసికెల నడిస్తె ఎవలకన్న దమ్మొస్తది."

"సిన్నపోరలు ఉర్కుతనే ఉన్నరు. గా ముసలాయిన నడుస్తనే ఉన్నడు. నీకే ఎందుకొస్తది?"

యిర్మియా జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. మాటకు బదులు దగ్గు వచ్చింది. తెరలు తెరలుగా వచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, అయిపోయాక మడతపెట్టి దాచబోయాడు. కొడుకు ఆ చెయ్యి పట్టుకుని మడత విప్పాడు. తెల్లటి గుడ్డ మీద కళ్ళె నల్లగా ఉంది. గని నుంచి నాలుగు రోజులు దూరంగా ఉన్నా నల్లగానే ఉంది.

కొడుకు ఆ తువ్వాలును మళ్ళీ మడతపెట్టి తండ్రి ఒళ్ళో పెట్టాడు. తర్వాత దయాసాగర్ మెల్లగా అన్నాడు.

"నేను కాలేజీకి పోను. నీ జాగల నేను దిగుత."

యిర్మియాకు ఎక్కడలేని కోపం వచ్చింది. లేవబోయి మళ్ళీ ఇసుకలో కూలబడ్డాడు.

"గా మాట ఇననీకి నిన్ను గింత దూరం తెచ్చిన్నారా? నేనేం సచ్చిపోయిన్నా? నాకేం గాలె. సలికి పట్టింది, గంతే. నర్సింగాన్ని అడుగు, రోజు ఎన్ని టబ్బులు నింపుతనో!"

సుసన్నా ఎప్పుడు వచ్చిందో వాళ్ళ పక్కనే నిలబడి ఉంది. చీర కుచ్చెళ్ళు తడిసి ఇసుక అంటుకుంది.

"నర్సింగం పెండ్లాం నాకు ఎన్నడో చెప్పింది, టబ్బు ఎవలు నింపుతున్నరో," అంది. "చెప్పకపోతె నాకెర్కలేదా? నీ తువ్వాలలు పిండేది ఎవలు? నువ్వు జలుబన్నవు. నేను సరేనన్న. నీ మనసుల ఏమున్నదో తెల్సినంక ఇంకేమనాలె?"

యిర్మియా తల దించుకున్నాడు. పది నెలలు అతను దాచాననుకున్నది దాగనే లేదు. ఆమె అతని పక్కన కూర్చుని కొడుకు వైపు తిరిగింది.

"ఇగో బిడ్డా. మూడొద్దులు ఈడుంటం. గీ మూడొద్దులు గా ముచ్చట ఎవ్వరు తియ్యొద్దు. ఇంటికి పోయినంక నువ్వూ మీ బాపూ ఏమన్న చేసుకోండ్రి. సెల్లె ముంగట అసలే వద్దు."

దయాసాగర్ తల ఊపాడు. తండ్రి చంక కింద చెయ్యి వేసి లేపాడు. ఇద్దరూ పది అడుగులు నడవడం, ఆగడం, మళ్ళీ పది అడుగులు. నీళ్ళ అంచుకు చేరేసరికి సుగుణమణి ఒడి నిండా గవ్వలు ఏరుకుని ఎదురొచ్చింది.

"గింత లేటేంది బాపూ? రా, కాళ్ళు పెట్టు, మస్తు సల్లగున్నయి," అని అతని చెయ్యి పట్టి లాగింది.

అల వచ్చి పాదాల కింది ఇసుకను లాక్కుపోయింది. యిర్మియా కొడుకు భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఎదురుగా దేనికీ అడ్డం లేదు. అతను అలా చూస్తూనే ఉన్నాడు. సుసన్నా ఏదో కీర్తన సన్నగా అందుకుంది.

తర్వాతి మూడు రోజులూ ఆ మాట ఎవరూ ఎత్తలేదు. జూ చూశారు. సుగుణమణి ఏనుగుకు బెల్లం పెట్టింది. మ్యూజియంలో దయాసాగర్ ప్రతి అద్దాల పెట్టె దగ్గరా ఆగి రాసివున్నదంతా చదువుతుంటే, తండ్రి బల్ల మీద కూర్చుని అతన్నే చూశాడు. ఎంత ఇష్టంగా చదువుతున్నాడు! అది చూడడం యిర్మియాకు సంతోషంగానూ ఉంది, భరించలేనట్టుగానూ ఉంది. నడిచేటప్పుడు పిల్లలు మునుపటిలా ముందు పరుగెత్తలేదు. సుగుణమణికి ఎవరూ ఏమీ చెప్పకపోయినా, ఆమె కూడా అడుగు తగ్గించింది.

తిరిగి వచ్చాక జూన్‌లో ఫలితాలు వచ్చాయి. దయాసాగర్ ఫస్టుక్లాసులో పాసయ్యాడు. యిర్మియా మంచిర్యాల పోయి కాలేజీ దరఖాస్తు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొడుకు దాన్ని ముట్టలేదు. వారం రోజులు అది అక్కడే పడి ఉంది. ఎనిమిదో రోజు ఫస్టు షిఫ్టులో యిర్మియా తట్టతో సహా పడిపోయాడు. నర్సింగమే భుజానేసుకుని పైకి తెచ్చాడు. దవాఖానలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఇక గనిలోకి దిగవద్దన్నాడు. తన జాగాలో కొడుకును తీసుకొమ్మనే కాగితం మీద యిర్మియా సంతకం పెట్టాడు.

ఆ సెప్టెంబరులో పద్దెనిమిది నిండిన దయాసాగర్ ఫిల్లరుగా చేరాడు. నర్సింగమే పట్టుబట్టి అతన్ని తన జోడీగా వేయించుకున్నాడు. మొదటి రోజు కొడుకు బయల్దేరుతుంటే యిర్మియా గోడవైపు తిరిగి పడుకున్నాడు. లేచి ఎదురుపడడానికి ధైర్యం చాలలేదు. కొడుకు వాకిట్లో కాసేపు నిలబడి, "పోయొస్త బాపూ," అని వెళ్ళిపోయాడు. ఆ రోజు సాయంత్రం దాకా యిర్మియా అన్నం ముట్టలేదు.

అయితే ఆ బాధ అలాగే ఉండిపోలేదు. డ్యూటీ దిగి వచ్చిన కొడుకును తండ్రి మెల్లగా ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. గని కప్పు మీద కర్రతో కొడితే ఎట్లాంటి చప్పుడు వచ్చింది? ఖంగుమందా, కూలబోయే కప్పులా డొల్లగా ఉందా? గాలి ఏ వైపు నుంచి వస్తోంది? ఇరవై ఏళ్ళు నేల కింద నేర్చుకున్నదంతా వాకిట్లో మంచం మీద కూర్చుని ఒక్కొక్కటిగా చెప్పాడు. తండ్రీకొడుకులు అన్నేళ్ళుగా మాట్లాడుకోని మాటలన్నీ ఆ అయిదేళ్ళలో మాట్లాడుకున్నారు.

1974లో దయాసాగర్ తన సెలవు మీద తల్లిదండ్రుల్ని మెదక్ తీసుకుపోయాడు. సుసన్నా ఆ గుడిలో మోకరించి అరగంట లేవలేదు. నాగార్జునసాగర్ మాత్రం కుదరలేదు. ఇంతలో సుగుణమణి నర్సు చదువుకు వెళ్ళింది. ఆ చదువు అన్న తట్ట మోసి చదివించినది. 1977లో దయాసాగర్, ఫిల్లర్ల మీద అజమాయిషీ చేసే సర్దారు ఉద్యోగానికి పరీక్ష రాశాడు. పాసైన కబురు చెప్పడానికి వచ్చినప్పుడు యిర్మియా మాట్లాడే స్థితిలో లేడు. కొడుకు చెయ్యి తీసుకుని తన రొమ్ము మీద పెట్టుకున్నాడు.

మరుసటి వానాకాలంలో యిర్మియా చనిపోయాడు. శవపెట్టెను ఒక మూల నర్సింగం పట్టాడు. సమాధి దగ్గర అయ్యగారు ప్రార్థన ముగించాక, "మా బావ తట్ట ఎన్నడు సగం పొయ్యలె. నిండ పోసిండు," అని అతనొక్కడే గట్టిగా అన్నాడు. నాలుగో రోజు దయాసాగర్ ఫస్టు షిఫ్టుకు వెళ్ళాడు. ఆ రోజు అతని కింద పన్నెండు మంది ఫిల్లర్లున్నారు. వాళ్ళను లోపలికి పంపే ముందు కప్పును కర్రతో రెండుసార్లు కొట్టి చూశాడు.