పేల్చే ముందు మూడు కేకలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. కరెంటు ఆఫీసులో మీటర్లు పరీక్షించే ఉద్యోగం నాది. మీటర్ తిరగకపోతే దానికో కారణం ఉంటుంది. ఇన్నేళ్ల సర్వీసులో కారణం దొరకని మీటర్ నాకు తగల్లేదు. కింద రాసింది చదివి నన్ను ఆ తాయెత్తుల గుంపులో కలిపేస్తారని ముందే ఈ మాట చెబుతున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. మా ఆఫీసులోనూ సమ్మె. అప్పుడే మా అన్న యాదగిరి నల్గొండ దగ్గర ఊరి నుంచి మీర్‌పేట్‌లోని మా ఇంటికి వచ్చాడు. అడవి పందులు పల్లీ చేను సగం తవ్వి పోశాయి. మిగిలిన సగమైనా దక్కాలంటే గాలిలోకి ఒక దెబ్బ వేసి వాటిని బెదరగొట్టాలి. నాన్న నాటి తుపాకీ ఎప్పుడో మూలన పడింది. పంట కాపలా లైసెన్స్ మాత్రం మా ఇద్దరి పేర్ల మీదా ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్దావిడ వేట రైఫిల్ అమ్ముతున్నారని తెలిసి వెళ్లాం. ఆవిడ పేరు సుబ్బలక్ష్మి గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. భర్త కాలువ పనుల్లో ఇంజినీరుగా చేసి, ఏడాది కిందట పోయారు. రైఫిల్ ఆయనదే.

"ఆంధ్రోళ్ల తుపాకి కొని తెలంగాణ పందులను బెదిరిస్తమా?" అని దారంతా అన్న నవ్వుతూనే ఉన్నాడు.

పాయింట్ టూ టూ రైఫిల్ అది. విదేశీ సరుకు, వయసులో నాకంటే పెద్దది. సెమీ ఆటోమేటిక్ కాబట్టి ఒకసారి పేలితే ఖాళీ గొట్టాన్ని తనే బయటికి విసిరేసి, తర్వాతి తూటాను తనే లోపలికి తీసుకుంటుంది. దాని చెక్క మీద ఒక్క గీత లేదు. దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు కూడా చెరగలేదు.

కాఫీ ఇచ్చి ఆవిడ ఒక మాట చెప్పారు. "మా ఆయన కాల్చే ముందు మూడుసార్లు కేకేసేవారు బాబూ. 'పక్కకి జరగండి, పేలుతుంది' అని. కాలవ పనుల్లో బండలు పేల్చేటప్పుడు అలవాటైంది. అడవికెళ్లినా మానలేదు. ఆ కేకకి జంతువులన్నీ పారిపోయేవి, ఈయన ఒట్టి చేతుల్తో ఇంటికొచ్చేవారు. మీరూ కేకెయ్యండి, మర్చిపోకండి."

అలాగేనమ్మా అన్నాను. అన్న మెట్లు దిగేదాకా నవ్వు ఆపుకున్నాడు. "అందుకే తుపాకి గింత కొత్తగ ఉన్నది," అన్నాడు.

కాగితాల పని పూర్తయి రైఫిల్ ఇంటికొచ్చింది. గొడవల రోజులు కాబట్టి లైసెన్స్ తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పజెప్పమంటారని వినిపిస్తోంది. ఆ లోపే పేల్చి చూసుకోవాలి. మర్నాటికే బంద్ పిలుపు వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో పోలీసులు తప్ప పురుగు లేదు. మా కాలనీ వెనక పాత రాళ్ల క్వారీ ఉండేది. బంద్ నాడు క్వారీలో మనిషి ఉండడు. అదీ మా లెక్క.

పొద్దున టిఫిన్ చేసి, రైఫిల్‌ని దుప్పటిలో చుట్టుకుని వెళ్లాం. లోపలికి దిగడానికి ఒకటే దారి. మూడు వైపులా నిలువు బండ. ఒకచోట బండకు ఆనించి నీలం టార్పాలిన్ పట్టా కట్టి ఉంది. పనిముట్లు దాచుకున్నారనుకున్నాం. దాని ముందు రాయి మీద రంగు డబ్బా మూత నిలబెట్టి వెనక్కి వచ్చాం. కేక సంగతి గుర్తుంది. ఎవరూ లేనిచోట ఎవర్ని పిలుస్తామని ఊరుకున్నాను.

గురిచూసి ట్రిగ్గర్ నొక్కాను. టిక్కుమంది, అంతే. బోల్టు చేత్తో వెనక్కి లాగి ఆ తూటా తీసి చూశాను. పేలినా పేలకపోయినా తూటా వెనక రైఫిల్ పిన్ను కొట్టిన గుర్తు పడాలి. లేదు, కొత్త రూపాయిలా మెరుస్తోంది. రెండోదీ అంతే. అన్న తీసుకుని ప్రయత్నించాడు, మళ్లీ టిక్కే. పిన్ను అరిగిపోయిందనుకున్నాను. కారణం దొరికిందని కొంచెం తృప్తి కూడా పడ్డాను.

"ఆ అమ్మ చెప్పింది గద. ఒకసారి ఒర్లరాదూ," అన్నాడు అన్న వెటకారంగా.

సిగ్గుపడుతూనే ఒక్కసారి అరిచాను. "ఎవరన్నా ఉన్నారా?"

టార్పాలిన్ కదిలింది. దాని వెనక బండలో చిన్న గుహలాంటి సందు ఉందట. అందులోంచి ఒక ఆడమనిషి వంగి బయటికి వచ్చింది. భుజం మీద పసిపిల్ల నిద్రపోతోంది.

"లేస్తున్న సారూ, లేస్తున్న. ఎన్నిసార్లు పిలుస్తరు?" అంది విసుగ్గా.

మూత వెనక, సరిగ్గా మూత వెనక, అప్పటిదాకా ఆ పిల్ల పడుకుని ఉంది. అన్న నేల మీద కూలబడి "తల్లీ, తల్లీ" అంటున్నాడు. అంత భయం నేను అంతకుముందు పడలేదు, ఆ తర్వాతా పడలేదు.

క్వారీలో రాళ్లు కొట్టే మనిషట. బస్సుల్లేక ఊరికి పోలేక అక్కడే ఆగిపోయింది. నేను ఒక్కసారే పిలిచానమ్మా అన్నాను.

"నువ్వు గాదు సారూ, ఆ పెద్దాయన. పక్కకు జరుగుర్రి, పేల్తది అని మూడుసార్లు పిలిచిండు. బంద్ నాడు ఏం పేలుస్తర్లే అని నేనే లేవలే." మా ఇద్దర్నీ చూసి, మా వెనక్కి చూసింది. "ఏడి, ఎటు పోయిండు?"

దారి ఒకటే. ఆ దారిలో మేమిద్దరమే ఉన్నాం.

ఆమెను ఇంటికి తీసుకెళ్లి మా ఆవిడతో అన్నం పెట్టించాను. తర్వాత అన్న పట్టుబట్టి నన్ను మళ్లీ క్వారీకి లాక్కెళ్లాడు. ఈసారి ప్రతి సందూ వెతికి, ఖాళీ అని చూసుకుని, మూడుసార్లు కేకేశాడు. ఇందాక పేలని తూటాలే వేశాం. అన్నీ పేలాయి, మూతకు చిల్లులు పడ్డాయి. తర్వాత రిపేరు చేసే ఆయన రైఫిల్ విప్పి చూసి పిన్నులో ఏ లోపమూ లేదన్నాడు.

ఇప్పుడు అన్న చేలో మూడు కేకలేయకుండా రైఫిల్ ఎత్తడు. పందులు ఆ కేకలకే పారిపోతున్నాయట. పేల్చే పనే పడటం లేదు.

వారం తర్వాత సుబ్బలక్ష్మి గారి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆవిడ భయపడలేదు. చాలాసేపు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

"చివరి రెండేళ్లూ ఆయనకి గొంతు లేదు బాబూ," అన్నారు. "ఆపరేషన్ చేసి తీసేశారు. మంచినీళ్లు కావాలన్నా పలక మీద రాసేవారు." నా వైపు వంగి అడిగారు. "గట్టిగానే పిలిచారా? ఆ అమ్మాయి చెప్పిందా?"

ఆ సంగతి నేను ఆ రాళ్లు కొట్టే మనిషిని అడగలేదు. తర్వాత అడుగుదామని మళ్లీ క్వారీకి వెళ్తే ఆమె వేరే పనికి వెళ్లిపోయిందన్నారు.

ఆ పిన్ను ఎందుకు కొట్టలేదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ పిలుపు ఎక్కడి నుంచి వచ్చిందో అసలే తెలియదు. అయినా ఆ రోజు ఆవిడ అడిగిన దానికి నా నోటి నుంచి జవాబు తన్నుకుని వచ్చేసింది.

"గట్టిగానే పిలిచారమ్మా," అన్నాను. "నిద్రలో ఉన్న మనిషికి వినిపించింది."