మేడమ్ వచ్చేదాకా కూర్చుంటానన్న పెదనాన్నగారు

పెదనాన్నగారు పోయారని అన్నయ్య రాజోలు నుంచి ఫోన్ చేసినప్పుడు నేను వెంటనే ఏడవలేదు. ఎవరు చూశారు, ఏ డాక్టరు చెప్పాడు, ఇంకొకరికి చూపించారా అని వరసపెట్టి అడిగాను. అన్నయ్య ఓపిగ్గా జవాబులు చెప్పాక ఇక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడొచ్చింది ఏడుపు.

ఆ అడిగే గుణం నాకు ఆయన దగ్గర అబ్బిందే. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. సొంత తోటలో కొబ్బరికాయనైనా చెవి దగ్గర ఊపి చూశాకే ఒలవనిచ్చేవారు. మీరు నవ్వుకోవచ్చు గానీ, ఆదివారం పాస్టరుగారు వాక్యం చదివితే తన బైబిలు తెరిచి సరిచూసుకునేవారు. పాపం పాస్టరుగారు అలవాటుపడి, ఈయన పేజీ దొరికేదాకా ఆగేవారు.

ఇంటర్ ఫలితాలు రాగానే మా వైపు కాలేజీల మనుషులు మోటారుసైకిళ్ల మీద ఊళ్లు చుట్టేస్తారు. నేను సైకాలజీ చదువుతానంటున్న సంగతి ఎలా తెలిసిందో, రావులపాలెం దగ్గరి ఒక కాలేజీ నుంచి ఒకతను వచ్చాడు. బస్సు ఉంది, హాస్టలు ఉంది, సైకాలజీ ఉంది అన్నాడు. మా చర్చి సంఘపెద్దగారిని వెంటబెట్టుకొచ్చాడు కదా, నాన్న మొహమాటపడి నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ అతని చేతిలో పెట్టేశారు. అవి లేకుండా నేను ఇంకెక్కడా చేరలేను.

పెదనాన్నగారు నాన్నను ఏమీ అనలేదు. నన్ను పిలిచి, "ఉన్నయ్యన్నీ చెప్పేడు సరే. సైకాలజీ చెప్పే మనిషి పేరు చెప్పేడా అమ్మా?" అన్నారు. చెప్పలేదు.

మర్నాడు నన్ను ఆ కాలేజీకి తీసుకెళ్లారు. లోపలికి పోకుండా గేటు ఎదుట బస్సు కోసం నిలబడ్డ అమ్మాయిలను పలకరించారు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేరుకే ఉందండీ, చెప్పే మేడమ్ లేరు, గైడు కొనుక్కుని పరీక్ష రాస్తున్నాం అంది ఒకమ్మాయి, గొంతు తగ్గించి.

ఆఫీసులో పెద్దమనిషి మాత్రం నవ్వుతూ, మేడమ్ సెలవులో ఉన్నారన్నాడు.

"ఆయ్. అయితే ఆవిడొచ్చేదాకా కూర్చుంటానండి. నాకు వేరే పనేవుందండీ."

కూర్చున్నారు. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ, సైకాలజీ మేడమ్ గారి కోసం చూస్తున్నానండి అని మర్యాదగా చెబుతూ కూర్చున్నారు. భోజనాల వేళకల్లా నా సర్టిఫికెట్లు నా చేతికొచ్చాయి. ఆ పూట ఆయన అలా కూర్చోకపోతే నేనూ గైడు చదివి డిగ్రీ అయిందనిపించేదాన్ని.

చివరికి విశాఖపట్నంలో సోషల్ వర్క్, సైకాలజీ కలిసున్న డిగ్రీలో చేరాను. పని ఎక్కడ నేర్పిస్తారు, పిల్ల పక్కన ఎవరుంటారు అని పెదనాన్నగారు అక్కడా అడిగారు. ఆసుపత్రికి పంపుతాం, మేడమ్ వెంట ఉంటారు అన్నారు వాళ్లు. తిరుగు బస్సులో కూడా ఆయన ముఖం తేటపడలేదు. "చాలా మంచిగా మాట్లాడేరమ్మా. అదే నా భయం" అన్నారు.

రెండో ఏడాది ఒక ఉదయం, కొడుకు నోరు విప్పడం మానేశాడని కుమిలిపోతున్న ఒక తల్లి ముందు ఆసుపత్రిలో కూర్చుని ఉన్నాను. మా మేడమ్ నా పక్కనే ఉన్నారు. తలెత్తితే, రోగుల బెంచీ చివర పెదనాన్నగారు. తనకేదో జబ్బున్నట్టు ఓపీ చీటీ రాయించుకుని మరీ వచ్చారు. నన్ను కాదు, మేడమ్‌నే చూస్తున్నారు.

ఆ తల్లి మాట్లాడుతుంటే మధ్యలో లేవలేకపోయాను. నేను బయటికొచ్చేసరికి ఆయన మెట్లు దిగుతున్నారు. పిలిచాను. వెనక్కి తిరిగి నవ్వి, చెయ్యి ఊపి, ఎవరినీ ఏమీ అడగకుండా వెళ్లిపోయారు.