సుహాసిని మంగళవారాలు

సిడ్నీ శివారు టూంగాబీలో మేము కూరగాయలు కొనే కొట్టు వెనక ఒక శీతల గది ఉంది. దాని తలుపు తీసినప్పుడల్లా ప్లాస్టిక్ తెరల సందులోంచి కరివేపాకు, కొత్తిమీర, తడిసిన అట్టపెట్టెలు కలిసిన చల్లని వాసన బయటికి వస్తుంది. మొన్న శనివారం ఉదయం బెండకాయలు ఏరుతుండగా ఆ వాసన ముఖానికి తగిలింది. తల ఎత్తి చూస్తే, తలుపు పక్కన గోడకి అగ్గిపెట్టెంత తెల్లటి డబ్బా, దాని మీద వెలిగి ఆరుతున్న ఆకుపచ్చ చుక్క కనిపించాయి. గది చల్లదనం తగ్గితే యజమాని ఫోనుకి కబురు పంపే డబ్బా అది. దాన్ని తయారుచేసిన సుహాసిని ఆరేళ్ళు మా పొరుగింట్లో ఉంది. నాకన్నా ముప్ఫై ఏళ్ళు చిన్నది. పందొమ్మిదో ఏట నుంచి ఒక్కరోజు తప్పకుండా డైరీ రాస్తున్న నాకు, రాయడం అంటే ఏమిటో నేర్పింది ఆ అమ్మాయే.

నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ఎగుమతి ప్లాంటులో శీతల గిడ్డంగి సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ తరువాత నేనూ నా భార్యా మా అమ్మాయి దగ్గరికి సిడ్నీ వచ్చి స్థిరపడ్డాం. వచ్చిన కొత్తలో ఒక ఉదయం నడకకి వెళ్తుంటే పక్కింటి గారేజీలోంచి కంప్రెసర్ శబ్దం వినిపించింది. ఆగిపోయాను. తలుపు ఎత్తి ఉంది. నాలుగు పాత ఫ్రిజ్‌ల మధ్య పీట వేసుకుని ఒక అమ్మాయి వైర్లు అతుకుతోంది. మూడో ఫ్రిజ్ ఇంకో వారానికి మించి బతకదని చెప్పాను. ఎలా తెలిసిందని అడిగితే, ఇంటికి వెళ్ళి, ఇలాంటి శబ్దమే చేసి ఆగిపోయిన కంప్రెసర్ గురించి రాసుకున్న పాత డైరీ తెచ్చి చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "అది ఆగిపోయినప్పుడు మీరు అక్కడున్నరా అంకుల్?" అంది. లేను. మెకానిక్ చెబితే రాసుకున్నాను. ఆ సంగతి డైరీలో లేదు. ఆమె నవ్వి కాఫీ ఇచ్చింది. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఇంటికి వచ్చింది.

సుహాసినిది కరీంనగర్. ఇక్కడ మంచి ఉద్యోగం వదిలేసి, ఇద్దరు ఉద్యోగులతో ఆ గారేజీలో కంపెనీ పెట్టింది. డబ్బా బాగా పనిచేసేది, కానీ ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. ఈ రంగంలో ముందు నీ మాటకి విలువ రావాలి, ఆ తరువాతే నీ సరుకు అమ్ముడుపోతుందని ఒక సలహాదారు చెప్పాడు. ఇక్కడి కుర్రకారు దాన్నే థాట్ లీడర్ కావడం అంటారు. అందుకని ఆమె ఉద్యోగస్తులూ వ్యాపారస్తులూ చదివే ఒక వెబ్‌సైటులో ప్రతి మంగళవారం ఒక వ్యాసం పెట్టేది. సోమవారం ఉదయం అది నా దగ్గరికి వచ్చేది. సాంకేతికంగా తప్పులుంటే దిద్ది, అక్షరదోషాలు సరిచేసి, మరునాడు వెబ్‌సైటులో పెట్టడం నా పని. దానికి కావలసిన పాస్‌వర్డు కూడా నాకిచ్చింది.

ఆమె రాసే పద్ధతి నాకు మొదట్లో చాదస్తంగా కనిపించేది. వ్యాసం రాసే ముందు ఏదో ఒక కొట్టుకి వెళ్ళి శీతల గది పక్కన సగం రోజు కూర్చునేది. తలుపు ఎన్నిసార్లు తీస్తున్నారు, ఎవరు సరిగ్గా వేయడం లేదు, సరుకు ఎక్కడ పేరుస్తున్నారు అన్నీ చూసేది. అలా చూసినదే రాసేది. ఆ వారం ఏమీ చూడకపోతే, ఈ వారం రాయడానికి ఏమీ లేదని ఒక్క వాక్యం పెట్టేది. మిగతా కంపెనీలవాళ్ళు రోజుకి రెండేసి రాస్తున్నారమ్మా అని దెప్పేవాణ్ణి. "వాళ్ళకు అన్ని తెలుసు అంకుల్. నేను ఇంకా ఫ్రిజ్ తలుపుల కాడనే ఉన్న" అనేది నవ్వుతూ. మూడేళ్ళు గడిచినా ఆమెను చదివేవాళ్ళు కొద్దిమందే.

ఒకసారి మెల్‌బోర్న్‌లో, క్లేటన్‌లోని ఒక హోటల్లో డబ్బాలు మొరాయించాయి. ఆమె శుక్రవారం బయలుదేరి వెళ్ళింది, సోమవారానికి రాలేదు. ఈ వారం రాయడానికి ఏమీ లేదని పెట్టేయమని కబురు పంపింది. నాకు మనసొప్పలేదు. ఇంత కష్టపడుతున్న పిల్ల మంగళవారం ఖాళీగా పోవడమేమిటనుకున్నాను. నా డైరీల్లోంచి ఒక సంఘటన తీశాను. ప్లాంటులో పగలంతా కరెంటు పోయి, జనరేటరు మొండికేసినప్పుడు, ప్యాకింగులో పనిచేసే ఆడవాళ్ళు వరుసగా నిలబడి చేతులమీదుగా ఐసు అందించి సరుకంతా కాపాడారు. అది నేను కళ్ళారా చూసింది. అయితే ఆమె పేరు మీద రావాలి కనుక ప్లాంటుని సిడ్నీలో ఒక చేపల కొట్టుగా మార్చాను. నేను ఉన్నచోట ఆమెను నిలబెట్టాను. ఎంతో ప్రేమగా, శ్రద్ధగా చేశాను ఆ పని. ఇప్పుడు తలచుకుంటే నాకే వింతగా ఉంటుంది.

ఆ వ్యాసం దావానలంలా పాకింది. ఆమె తిరిగి వచ్చేసరికి ఆహార వ్యాపారుల సదస్సులో మాట్లాడమని పిలుపు వచ్చి ఉంది. ఒక సూపర్‌మార్కెట్ల సంస్థ కొనుగోళ్ళ అధికారి, ఆ చేపల కొట్టు గురించి ఆమె నోటినుంచే వినాలనీ, నచ్చితే తమ దుకాణాలన్నిటిలో ఆ డబ్బాలు పెట్టిస్తాననీ రాశాడు. ఆ ఒప్పందం కుదిరితే కంపెనీ నిలదొక్కుకుంటుంది. కుదరకపోతే ఉన్న ఇద్దరిలో ఒకరిని పంపించేయాలి. నేను స్వీట్లు పట్టుకుని గారేజీకి వెళ్ళాను. ఆమె వ్యాసం తెరిచి పెట్టుకుని కూర్చుంది.

"అంకుల్, ఈ దుకాణం ఎక్కడుంది?"

ఎక్కడా లేదని, జరిగింది మా ప్లాంటులో అని చెప్పాను. మనిద్దరికీ తప్ప తెలియదు కదమ్మా, జరిగింది నిజమే, ఊరు ఒక్కటే మారింది అన్నాను.

"ఊరు మార్చిన్రు, మనిషిని మార్చిన్రు. ఇంకేం మిగిలింది అంకుల్, కరెంటు పోవుడు ఒక్కటే. రేపు ఆయన ఆ గది సూపియ్యమంటే ఎక్కడికి తీస్కపోవాలె?"

ఆ మాట అంటూనే నా చేతిలోని స్వీట్ల డబ్బా తీసుకుని ఒక మైసూర్‌పాకు నోట్లో వేసుకుంది. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. చడీచప్పుడు లేకుండా వ్యాసం తీసేయమని సలహాదారు అన్నాడు. చదివినవాళ్ళు దాన్ని అప్పుడే వెంట తీసుకుపోయారు, వాళ్ళ దగ్గరనుంచి ఎలా తీసేస్తామని ఆమె జవాబు. సదస్సు దాకా ఉన్న పదిరోజులూ నేను ఆమె ముందు తల ఎత్తలేదు.

సదస్సుకి నన్ను కూడా తీసుకువెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆమె వేదిక మీద ఇంగ్లీషులో చెప్పిన మాటలు ఆ సాయంత్రమే డైరీలో రాసుకున్నాను. "మీరంతా మెచ్చుకున్న ఆ వ్యాసంలోని కొట్టు లేదు. అందులో నేనూ లేను. అది ఇంకొకరి జీవితంలో, ఇంకో దేశంలో జరిగింది. నా పేరుతో వచ్చింది కనుక తప్పు నాది. నాకు తెలిసింది చాలా తక్కువ. అది చెబుతాను వినండి." ఆ తరువాత ఇరవై నిమిషాలు, శీతల గది తలుపులు సరిగ్గా ఎందుకు పడవో చెప్పింది. నా పేరు ఎత్తలేదు. వెనక వరసల్లో కొందరు లేచి వెళ్ళారు. కొనుగోళ్ళ అధికారి ఆఖరిదాకా కూర్చుని, మర్యాదగా చెయ్యి కలిపి, మళ్ళీ కబురు చెయ్యలేదు. నెల తిరిగేసరికి ఇద్దరిలో ఒకరు వెళ్ళిపోవలసి వచ్చింది. ఆ ఉద్యోగి వీడ్కోలు భోజనానికి నేను వెళ్ళలేకపోయాను.

ఆ తరువాతి సోమవారం నాకు వ్యాసం రాలేదు. పాస్‌వర్డు మారుస్తుందనుకున్నాను. మార్చలేదు. తనే వచ్చి, ప్లాంటు సంగతి ఉన్నది ఉన్నట్టు, నా పేరుతో రాసిమ్మని అడిగింది. నా పేరు ఎవరికి తెలుసమ్మా అన్నాను.

"తెల్వదు. అందుకే రాయాలె."

రాశాను. దానిని చదివినవాళ్ళు చాలా తక్కువ. ఐసు అందించిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం, డైరీలో ఉన్నంతవరకు, అన్నీ పెట్టాను. ఆ వారమే ఒక నల్లసిరా పెన్ను కొన్నాను. అప్పటినుంచి నేను చూసింది నీలం సిరాతోనూ, విన్నది నల్ల సిరాతోనూ రాస్తున్నాను. నల్ల సిరా ఎంత త్వరగా అయిపోతుందో మొదటి ఏడాదిలోనే తెలిసింది.

చిన్న చిన్న కొట్లవాళ్ళతో ఆమె మళ్ళీ నెమ్మదిగా నిలదొక్కుకుంది. పోయిన ఒప్పందం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు కంపెనీతో సహా అడిలైడ్‌లో ఉంటోంది. మంగళవారాలు ఫోను చేస్తుంది.

మొన్న కొట్టులో నేను ఆ డబ్బా వంక చూస్తూ నిలబడితే యజమాని దగ్గరికి వచ్చాడు. క్లేటన్‌లో చదువుకుని ఇక్కడ స్థిరపడ్డ తెనాలి కుర్రాడు. అతనికి నేను వారం వారం బెండకాయలు కొనే పెద్దాయన్ని, అంతే.

"సూపర్ డివైస్ అంకుల్ అది. ఆ కంపెనీ ఫౌండర్ ఉంది చూడండి, స్టేజ్ మీదే తన పోస్ట్ ఫేక్ అని చెప్పేసిందంట. ఎవరో ముసలాయన చేత రాయించుకుందంట లెండి. అయినా ఒప్పేసుకుంది కదా, అలాంటావిడ అలారం విషయంలో అబద్ధం చెప్పదు అనిపించి, వెంటనే ఆర్డర్ పెట్టేశా."

నవ్వి ఊరుకోవచ్చు. బెండకాయలు తూకం వేయించుకుని వచ్చేయవచ్చు. కానీ అతను చెప్పినదాంట్లో ఒక మాట తప్పు. అది నేను ఊరుకుంటే ఇంకో నలుగురి దగ్గరికి వెళ్తుంది.

"ఆ ముసలాణ్ణి నేనే బాబూ. ఆమె రాయించుకోలేదు. ఆమెకి చెప్పకుండా నేనే రాశాను."

కుర్రాడు నన్నూ, గోడమీది డబ్బానూ మార్చి మార్చి చూశాడు. ఇంటికి వచ్చి డైరీ తెరిచాను. అతని మాటలు నల్ల సిరాతో రాసి, పెన్ను మార్చి, నా మాటలు నీలం సిరాతో రాశాను.