జున్నుపాలు పోసే రాయి

ఆత్మకూరు బస్టాండులో టీ అంగడి పూరికప్పు మీద నుంచి తెల్లగా ఏదో లేస్తోంది. పొగ అనుకున్నాను. రాత్రి వానకు తడిసిన కప్పు ఎండకు ఆరుతోంది, అంతే. తర్కశాస్త్రంలో తొలి పాఠం ఇదే: కొండ మీద పొగ చూసి నిప్పుందని చెప్పేముందు, అది పొగేనా అని చూసుకోవాలి.

ఉదయగిరి దారిలో ఒక పొలంలో పల్లవుల కాలానిదని చెప్పుకునే వీరగల్లు ఉంది. పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, మీద కత్తి పట్టిన మనిషి బొమ్మ. అతను ఆవుల మందను కాపాడుతూ చనిపోయినవాడని నా ఎం.ఏ. వ్యాసంలో రాశాను. మాస్టారు ఆ వాక్యం కింద గీత గీసి, "హేతువేది?" అన్నారు. సోమవారంలోగా హేతువు చూపాలి, లేదా వాక్యం కొట్టేయాలి. అందుకే శనివారం అవ్వను తోడు తీసుకుని బయలుదేరాను.

ఏడు గంటల బస్సు. ఆ రోజుల్లో ఇద్దరికీ టిక్కెట్లు ఐదు రూపాయల లోపే. మెట్టచేలు, మేకల మందలు దాటి, ఉదయగిరి కొండ దగ్గరగా కనిపించే మలుపులో దిగి కాలిబాట పట్టాం. రాయి నడుం దాకా భూమిలో కూరుకుపోయి ఉంది. పైన సున్నం, పసుపు. ఇలాంటి రాళ్ళకు ఆవుల బొమ్మలు అడుగున చెక్కుతారు. ఆ భాగమే మట్టిలో ఉంది.

కలుపు తీస్తున్న పొలం ఆవిడ రమణమ్మ లేచి వచ్చింది. నేను అవ్వ వెనక్కి జరిగాను.

"ఏందమ్మే, మీ కాన్వెంట్ హాస్టల్లో నోరు తెరిస్తే ఫైనేస్తారా?" అంది అవ్వ. "రాయి కోసం వచ్చింది నువ్వు. నువ్వే అడుగు."

అడుగున మట్టి కొంచెం తీసి చూడొచ్చా అని అడిగాను.

"దేవర కాళ్ళకాడ గడ్డపార ఏసేదా? కుదరదు పాపా," అంది రమణమ్మ. నా మొహం చూసి మెత్తబడింది. "ఆవు ఈనితే తొలి జున్నుపాలు ఈయనకే పోస్తాం. ఆ తర్వాతే మా పిల్లోళ్ళకి."

"ఇంకేం గావాల? దొరికింది గదా. పదా, బస్సు పోతాది," అంది అవ్వ.

నిజమే. ఆవులకూ ఈ రాయికీ సంబంధం ఉందని రాసేయొచ్చు. కానీ కాలు కదల్లేదు.

"ఇక్కడొక్కచోటేనా అక్కా, పోసేది?"

"ఒక్కచోటేనా? ఆ పుట్టకీ పోస్తాం, బాయిగట్టు మీద గుండురాయికీ పోస్తాం. వాళ్ళేం పాపం చేసినారు?"

అవ్వ నిట్టూర్చింది. "అడగమంటే ఒకటి అడగాల. రెండు అడిగితే ఇట్టనే ఉంటాది."

రమణమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. "నేను ఏసయ్య బిడ్డను. నీ రాయికి దండం పెట్టను గానీ, నీ మజ్జిగకి పెడతా," అంది అవ్వ. రమణమ్మ పగలబడి నవ్వింది.

తిరుగు బస్సులో ఆలోచించాను. పుట్టకూ గుండుకూ కూడా పాలు పోస్తున్నప్పుడు, ఆ పాలు ఈ రాయి గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పవు. మట్టి కింద ఆవులు ఉండొచ్చు, లేకపోవచ్చు. అంతవరకే నాకు తెలిసింది. అది తెలుసుకోవడానికి అంత దూరం వెళ్ళడం దండగ అనిపించలేదు. మీరూ వెళ్తే చెప్పులు గట్టు మీద వదిలి, రాయి కంటే ముందు పొలంవాళ్ళను పలకరించండి.

సోమవారం ఆ వాక్యాన్ని నేనే కొట్టేశాను. వ్యాసం మొత్తంలో పుస్తకాల నుంచి తీసుకోకుండా నేను సొంతంగా రాసింది ఆ ఒక్క వాక్యమే.