డెబ్బై మీటర్లలో నేను దగ్గని దగ్గు

నా తెలివితక్కువతనాన్ని మీటర్లలో కొలవవచ్చు. డెబ్బై. ఇసుకతిన్నె మీద ఎండ కాచుకుంటున్న ఒక మొసలికీ, గడ్డి చాటున బోర్లా పడుకున్న మాకూ మధ్య ఆ రోజు ఉన్న దూరం అది. అక్కడ నేను చెయ్యని తప్పు ఒకటి ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోయినా మొసలి దక్కేది కాదు, అది అప్పటికే నీళ్లలోకి జారిపోయింది. ఒప్పుకున్నందుకు నా పరువు కూడా దాని వెనకే జారింది. మొసలి మళ్లీ ఎక్కడైనా తేలే ఉంటుంది.

మొదట అంకుల్ గురించి చెప్పాలి. ఆయన మాకు చుట్టం కాదు. సిడ్నీలో మనకంటే పెద్దవాళ్లందరూ అంకుల్లూ ఆంటీలే. ఈయన ఎప్పుడో వచ్చి స్థిరపడిన డాక్టరు. నేను రెండు సూట్‌కేసులతో విమానం దిగినప్పుడు కారేసుకొచ్చి, ఇంటికి తీసుకెళ్లి, ఆంటీ చేత ముద్దపప్పూ ఆవకాయా పెట్టించి, అద్దె ఇల్లు దొరికేదాకా తన గరాజ్ పక్క గదిలో ఉండనిచ్చిన మనిషి. అలాంటి మనిషి మాటకు ఎదురు చెప్పడం నాకు చేతకాదు. ఆయన గురి తుపాకీతో, నా గురి ఆయన మీద.

ఆదివారాలు ఆయన షూటింగ్ క్లబ్బుకు వెళ్లేవారు. నేనూ వెంట వెళ్లేవాణ్ణి. తుపాకీ పట్టడానికి కాదు, ఫ్లాస్కు పట్టడానికి. మూడువందల మీటర్ల అవతల కాగితం మీద ఆయన వరసగా చిల్లులు పెడుతుంటే నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. కాగితం ఊపిరి పీల్చదనీ, తల తిప్పి మనవైపు చూడదనీ అప్పట్లో నాకు తట్టలేదు.

ఆయనకు చిరుతనూ మొసలినీ కొట్టాలని కోరిక. ఈ దేశంలో చిరుతల్లేవు. మొసళ్లు ఉత్తరాన బోలెడున్నాయి గానీ వాటి మీద చెయ్యి వేస్తే చట్టం మన మీద చెయ్యి వేస్తుంది. అందుకని ఆఫ్రికా ప్రయాణం పెట్టుకున్నారు. ఆంటీ రానన్నారు. "నా వల్ల కాదు బాబూ, నువ్వు తోడెళ్లు. ఈయన మందులు ఈయనకే గుర్తుండవు," అని నన్ను పంపించారు. అలా ఒక సాఫ్ట్‌వేర్ మనిషి ఒక డాక్టరుకు మందులు అందించడానికి ఖండం దాటాడు.

పెద్ద జంతువును పెద్ద దూరం నుంచి కొడతారని నా నమ్మకం. మమ్మల్ని తీసుకెళ్లిన గైడ్ మొదటి సాయంత్రమే ఆ నమ్మకాన్ని కొట్టి పడేశాడు. చిరుత కోసం చెట్టుకొమ్మకు మాంసం వేలాడదీసి, అక్కడికి అరవై మీటర్లలో గడ్డితో చిన్న గూడు కట్టి, అందులో మమ్మల్ని కూర్చోబెట్టాడు. మామూలుగా యాభై నుంచి డెబ్బై అట. అంతకంటే దూరమైతే మసక వెలుతురులో మచ్చలేవో ఆకులేవో తెలియదు. గాయపడిన చిరుత పొదలోకి పోతే, వెతుక్కుంటూ పోవలసింది గైడే. మొసలి సంగతి ఇంకా ఇరుకు. దాని మెదడు నిమ్మకాయంత. కంటి వెనక ఆ నిమ్మకాయకు తగలాలి, తగిలిన చోటే అది ఆగిపోవాలి. అంగుళం అటూ ఇటూ అయితే నీళ్లలోకి జారుకుంటుంది, ఇక కనపడదు. అందుకని పాకుతూ పోయి, వంద మీటర్లలోపు వస్తే గానీ పేల్చనివ్వరు. నేను ఆశపడినంత వీరోచితంగా ఏమీ లేదు. వేటంటే మాటేసి కూర్చోవడం, దోమలు కుట్టించుకోవడం, దగ్గరికి పోవడం.

చిరుత మూడో రోజు వచ్చింది. అంకుల్ ఒక్క గుండుకే కొట్టారు. నిజం, నా కళ్లతో చూశాను. దాని పక్కన ఆయన మోకాలి మీద కూర్చున్న ఫొటో నేను తీసిందే. అందులో నేను లేను. ఫొటో తీసేవాడు ఫొటోలో ఉండడు కదా, అది నాకప్పుడు అన్యాయంగా తోచలేదు.

మొసలి దగ్గర మాత్రం అంకుల్ గురి తప్పింది. గైడ్ నా ఎడమన, అంకుల్ నా కుడిన. గుండు మొసలి ముందర ఇసుకలో దిగింది. చిన్న దుమ్ము లేచింది. అంత శరీరం అంత నిశ్శబ్దంగా ఎలా కదిలిందో, దుమ్ము తగ్గేసరికి తిన్నె ఖాళీ. అప్పుడు అంకుల్ తల తిప్పి, గైడ్‌కు కూడా అర్థమయ్యేలా ఇంగ్లీషులో అడిగారు, "నువ్వు దగ్గావా?"

నేను దగ్గలేదు. చాలాసేపు ఊపిరే పీల్చలేదు. కానీ పరాయివాడి ముందు మన పెద్దాయన చిన్నబోతారే అనిపించింది. ముద్దపప్పు గుర్తొచ్చింది. "అయ్యుంటుందండీ... సారీ," అన్నాను.

గైడ్ నన్ను ఒకసారి చూశాడు. నాకు మూరెడు దూరంలో పడుకున్న మనిషి. భుజాలెగరేసి తన సామాను సర్దుకున్నాడు.

అది అక్కడితో ఆగుతుందనుకున్నాను. తిరిగి వచ్చిన వారమే వాళ్ల పెరట్లో బార్బెక్యూ. చికెన్ ముక్కలు తిప్పుతూ అంకుల్ కథ మొదలుపెట్టారు. మన కథలకు ఊ కొట్టేవాడు ఒకడు కావాలి. వేటలో నా వాటాకు ఆ ఉద్యోగం వచ్చింది. చిరుత వంద మీటర్లన్నారు, ఊ అన్నాను. మొసలి నూటయాభై అన్నారు, ఊ అన్నాను. "సరిగ్గా ట్రిగ్గర్ నొక్కే టైముకి మనవాడు దగ్గాడండీ!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊ అన్నాను. తూటా ఒకసారే తప్పింది, మాట మాత్రం ఆ తరవాత ఒక్కసారీ గురి తప్పలేదు.

ఏటేటా జంతువులు వెనక్కి జరిగాయి. ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో ఎవరిదో గృహప్రవేశంలో చిరుత రెండువందల మీటర్లకు వెళ్లింది. హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్తూ కారులో మొసలి రెండువందల యాభై దాటింది. దర్శనమయ్యాక క్యాంటీన్‌లో పులిహోర తింటుంటే ఇంకో యాభై కలిసింది. దేవుడి సన్నిధిలో కూడా నేను ఊ కొట్టాను. జంతువులు దూరమైన కొద్దీ నేను కుంచించుకుపోయాను. మొదట్లో ఉత్త దగ్గు. తరవాత దగ్గుతో పాటు వణుకు. ఆ పైన, గైడ్ నా నోరు చేత్తో మూయడం. ఇందులో ఏదీ జరగలేదు.

స్కోఫీల్డ్స్‌లో మా పక్క వీధిలో వరంగల్ నుంచి వచ్చిన ఒక తమ్ముడుంటాడు. ఎప్పుడు కనపడినా, "ఏందన్నా, దగ్గు తక్కువైందా? సిరప్ తేవాల్నా?" అంటాడు. మంచివాడే, వెటకారం కూడా ప్రేమగానే చేస్తాడు. మా ఆవిడ ఒకసారి అంది, "మీరు నిజంగా దగ్గి ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు." నవ్వాను. నవ్వడం ఒక రోగం, దానికి సిరప్ లేదు.

నా మీద నాకే అసహ్యం వేసిన రోజు వేరే ఉంది. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. స్కూల్లో పొరపాటున దాన్ని కింది లెక్కల క్లాసులో వేశారు. టీచరుతో మాట్లాడాలి. నేను వస్తానన్నాను. అది నా వైపు చూడకుండా వాళ్లమ్మతో అంది, "మమ్, యూ కమ్. డాడ్ జస్ట్ సారీ చెప్పేసి వచ్చేస్తాడు." అపురూపంగా రెండు తెలుగు మాటలు వాడింది. అదీ ఇందుకు.

వాళ్లమ్మే వెళ్లింది. క్లాసు మారింది. నేను డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దుతూ, ఒకే గిన్నెను మూడు చోట్ల పెట్టి చూసుకున్నాను. బయటివాళ్లు నా గురించి ఏమనుకున్నా ఓర్చుకునేవాణ్ణి. నా కూతురు దృష్టిలో నేను నోరున్నా లేనివాణ్ణి. ఆ దూరం ఎన్ని మీటర్లో కొలవడానికి నా దగ్గర పనిముట్టు లేదు.

తరవాత కొన్నాళ్లకు అంకుల్ డెబ్బయ్యో పుట్టినరోజు వచ్చింది. కమ్యూనిటీ హాలులో శనివారం మధ్యాహ్నం భోజనాలు. కారులో వెనక సీటు నుంచి మా అమ్మాయి ఉన్నట్టుండి అడిగింది.

"డాడ్, డిడ్ యూ యాక్చువల్లీ కాఫ్?"

"లేదమ్మా."

"దెన్ వై డూ యూ కీప్ సేయింగ్ ఊ?"

పెద్దాయన కదమ్మా అందామనుకున్నాను. మనల్ని ఆదుకున్నారు కదా అందామనుకున్నాను. రెండూ నిజాలే. రెండూ దాని ప్రశ్నకు జవాబులు కావు. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. రౌండబౌట్ దగ్గర నేను అవసరం లేకపోయినా ఆగాను. వెనక కారువాడు హారన్ కొట్టాడు. చెయ్యి ఎత్తి సారీ చెప్పాను. వెనక సీట్లో చిన్న నిట్టూర్పు వినిపించింది.

హాలులో తెర మీద చిరుత ఫొటో, నేను తీసిందే, గోడంత పెద్దది చేసి వేశారు. అంకుల్ పట్టులాల్చీలో, మైకు పట్టుకుని నిలబడ్డారు. చిరుత మూడువందల యాభై మీటర్లకు చేరింది. చప్పట్లు. నేను మొదటి వరస చివరి కుర్చీలో ఊ కొడుతూనే ఉన్నాను. అలవాటు.

"ఇక మొసలి! నాలుగొందల మీటర్లు! పైగా ఎదురుగాలి! నేను ఊపిరి బిగబట్టాను, వేలు ట్రిగ్గర్ మీద ఉంది... అప్పుడు మనవాడు..."

"దగ్గాడు!" అని హాలంతా ఒక్క గొంతుతో అంది. చిన్నపిల్లలు కూడా. మా అమ్మాయి తన ఈడు పిల్లల బల్ల దగ్గర తల వంచుకుని ఫోనులో చూసుకుంటోంది. దాని చెవులు ఎర్రబడడం నాకు అంత దూరం నుంచి కనిపించింది.

అంకుల్ నా దగ్గరికొచ్చి మైకు నా మూతి ముందు పెట్టారు. "ఏమయ్యా, అంతేనా కాదా? నువ్వే చెప్పు."

మైకు నేను చేతిలోకి తీసుకున్నాను. ఆయన సంతోషంగా వదిలారు.

"అంతేనండీ అంకుల్. కాకపోతే మీరు మొహమాటానికి తగ్గించి చెప్తున్నారు. నాలుగొందలు కాదు, ఐదొందలుంటుంది."

"అదీ!" అన్నారు ఆయన, జనం వైపు తిరిగి. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ మొహమే ఒకప్పుడు విమానాశ్రయంలో నాకోసం ఎదురుచూసింది.

"ఎదురుగాలి కూడా నిజమేనండీ," అన్నాను. "అర కిలోమీటరు అవతల, ఎదురుగాలిలో, మొసలికి నా దగ్గు వినపడింది. నా పక్కనే, మూరెడు దూరంలో పడుకున్న గైడ్‌కి మాత్రం వినపడలేదు. పాపం ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మీకు వినపడింది, మొసలికి వినపడింది. మీ ఇద్దరికే వినపడిందండీ."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తరవాత వెనక వరసలో వరంగల్ తమ్ముడు లేచి నిలబడ్డాడు. "అబ్బా! మొసలివేం చెవులన్నా గవి! మా ఇంట్ల వై-ఫై గూడ గంత దూరం పోదు!"

హాలు పగలబడింది. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఆవిడ భుజాలు ఊగుతున్నాయి. అంకుల్ కూడా నవ్వబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు ఆగిపోయారు. "సరే సరే, భోజనాలకి లేవండి, బిర్యానీ చల్లారిపోతుంది," అన్నారు. మైకులేని ఆయన గొంతు నేనెప్పుడూ వినేంత పెద్దగా లేదు.

ఆయన మైకు కోసం చెయ్యి చాపారు. ఇన్నాళ్ల అలవాటు నా నాలుక మీదికి సారీని తెచ్చి పెట్టింది. దాన్ని అక్కడే ఉంచాను. మైకు ఆపాను, ఆయన చేతిలో పెట్టకుండా కుర్చీలో పెట్టాను. వెళ్లి మా అమ్మాయి బల్ల దగ్గర, దాని పక్కన, ఆ ఈడు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను.