తిప్పయ్య డబ్బాలో చీటీలు

తిప్పయ్యను అందరూ అటెండరనే అనేవాళ్లు. నాకు మాత్రం మా చర్చావేదిక అంటే ఆయనే. అధ్యక్షులూ కార్యదర్శులూ వచ్చేవాళ్లు, ఫొటో దిగేవాళ్లు, పోయేవాళ్లు. గంట కొట్టే మనిషీ చీటీల డబ్బా పట్టే మనిషీ మాత్రం మారలేదు. అనంతపురంలో ఎం.ఏ. చదవడానికి నేను విశ్వవిద్యాలయంలో చేరిన 2001 నాటికి ఆయన ఆ పనిలో పదిహేనేళ్లుగా ఉన్నాడు. కుందుర్పి దగ్గర ఓ పల్లె ఆయనది. చదివింది ఐదో తరగతి. విన్న ఉపన్యాసాలు మాత్రం మా ప్రొఫెసర్లకంటే ఎక్కువే ఉంటాయి.

మా వేదికకు ఒక పద్ధతి ఉండేది. ఎవరు ఏ పక్షాన మాట్లాడాలో ముందుగా తెలియదు. సభకు పావుగంట ముందు తిప్పయ్య బిస్కెట్ల రేకు డబ్బా పట్టుకుని మా వరస ముందుకు వస్తాడు. సగం చీటీల మీద 'అనుకూలం', సగం చీటీల మీద 'ప్రతికూలం'. ఏది వస్తే అదే నీ పక్షం. నీ సొంత అభిప్రాయం హాస్టల్లో పెట్టి రావాల్సిందే. సభ అయిపోగానే ఆయన ఆ చీటీలన్నీ మెట్ల దగ్గర పోసి అగ్గిపుల్ల గీసేవాడు. "అయిపాయ. ఇంగ ఎవురి మాట వాళ్లదే," అనేవాడు. ఒకసారి ఓ ప్రొఫెసరు కొడుకు తనకు కావలసిన చీటీ ఇమ్మంటే ఆయన డబ్బా మూతే పెట్టేశాడట. ఆ సంగతి వందసార్లు చెప్పేవాడు. ఆయన గర్వమంతా ఆ రేకు డబ్బాలోనే ఉండేది.

2002లో వానలు మొహం చాటేశాయి. ఆ ఏడు నేనే కార్యదర్శిని. 'వ్యవసాయ బోర్లకు చట్టం హద్దు పెట్టాలి' అని అంశం రాసి బోర్డుకు అంటించి, గొప్ప పని చేసినట్టు నాలుగుసార్లు దాని ముందు తిరిగాను.

సభ రోజు పొద్దున వీరేష్ వచ్చాడు. మా జూనియరు, బెళుగుప్ప వైపు పల్లె. వాళ్ల నాయన ఈరప్పకు అరవై చీనీ చెట్లు, అంటే బత్తాయి, వాటికి నీళ్లిచ్చే ఒకే ఒక్క బోరు. ఆ ఒక్క బోరు మీదే ఇల్లూ, వీరేష్ చదువూ నడుస్తున్నాయి.

"తిప్పయ్యన్నా, ఈ పొద్దు నాకు ప్రతికూలం చీటీ ఇయ్యి," అన్నాడు.

"ఏంటికప్పా?"

"మా చేని పక్కన అంజినప్ప చేను ఉండాది. ఊర్లో ఆయన చెప్పిందే మాట. ఆయనవి శానా బోర్లు. అనుకూలంగా మాట్లాడితే మాకు బాగుండదు."

పేరిచ్చి తప్పుకున్నవాళ్లు ఏడాదంతా వేదిక ఎక్కకూడదు, అదీ మా పద్ధతే. వీరేష్ ఆ ఏడు అంతర విశ్వవిద్యాలయ పోటీలకు పోవాలని ఆశపడుతున్నాడు.

"పదైదేండ్ల నుంచి ఆ పని చెయ్యలా నాయనా," అన్నాడు తిప్పయ్య. "నీకు చేస్తే రేపు అందురికీ చెయ్యాల."

నేను కుర్చీలు సర్దుతూ విన్నాను. "ఏం వీరేష్, భయమా?" అని నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మొహం నాకే చూసుకోబుద్ధి కాదు.

వీరేష్‌కు అనుకూలం చీటీ వచ్చింది.

పావుగంటలో ఎవరైనా ఏం తయారవుతారు? లెక్కలు వెతకడానికి టైముండదు, కళ్లారా చూసిందే నోటికొస్తుంది. మొదటి రెండు నిమిషాలు వీరేష్ తడబడ్డాడు. తర్వాత వేడెక్కాడు. "మా ఊర్లో ఒకే మనిషివి పదకొండు బోర్లు. ఆయన మోటార్లు ఆడిన రోజు చుట్టూ ఉన్న బావుల్లో బురద గూడా మిగల్దు," అన్నాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మొదటి బహుమతి వాడికే.

పత్రికకు వార్త రాసింది నేనే. చివర్లో 'పక్షాలను చీటీల ద్వారా నిర్ణయిస్తారు' అని రాశాను. పది లైన్లు దాటకూడదన్నారని ఆ ఒక్క వాక్యం కొట్టేశాను. పొద్దున పేపర్లో 'ఒక్కరికే పదకొండు బోర్లా? విద్యార్థి వీరేష్ ఆగ్రహం' అని వచ్చింది, ఊరి పేరుతో సహా.

మూడో రోజు మా హాలు ముందు ఒక తెల్ల జీపు ఆగింది. లోపల ఇద్దరు. దిగలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. మర్నాడూ వచ్చింది. వెళ్లబోతూ తిప్పయ్యను ఒకే మాట అడిగారు. "వీరేష్ ఏ రూములో ఉంటాడప్పా?"

ఆ ఆదివారమే తిప్పయ్య ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, "పదమ్మా, పోయి అంజినప్పకు చెప్పొస్తాం," అన్నాడు.

అంజినప్ప మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించాడు. అరిచి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

"అది పిల్లోని మాట గాదు సామీ," అన్నాడు తిప్పయ్య. "చీటీలో ఏమొస్తే అది మాట్లాడాల. డబ్బా పట్టిండేది నేనే."

"ఆ చీటీ యాడుండాది?"

"కాల్చేసినా సామీ. మా పద్ధతి అది."

అంజినప్ప తలూపాడు. "నువ్వు అబద్ధం చెప్పే మనిషివి గాదు. ఏ పక్క మాట్లాడాల్నో చీటీ చెప్పింది, సరే. పదకొండని గూడా చీటీనే చెప్పిందా?"

తిప్పయ్య గ్లాసు కింద పెట్టేశాడు.

"తాగన్నా, తాగు. నీళ్లకు మాకేం కరువులే," అన్నాడు అంజినప్ప.

సభ జరిగిన పదకొండో రోజున ఈరప్ప బోరు పైపు మూత ఊడదీసి ఎవరో నిండా రాళ్లు పోశారు. ఎవరో ఊరందరికీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. ఎండాకాలానికల్లా అరవై చెట్లూ ఎండిపోయాయి. వీరేష్ చదువు మానేసి బెంగళూరులో కూలిపనికి పోయాడు. వాడి పెట్టె తీసుకుపోవడానికి ఈరప్ప వచ్చి, పెట్టె నెత్తిన పెట్టుకున్నాక, తిప్పయ్య ముందు ఆగాడు.

"మావాడు ఇంగో చీటీ అడిగినాడంట గదన్నా. ఇచ్చింటే నీదేం పోయిండును?"

ఆయన గొంతులో కోపం కూడా లేదు. ఆ తర్వాత ప్రొఫెసరు కొడుకు కథ తిప్పయ్య నోట నేను మళ్లీ వినలేదు.

మరుసటి ఏడు ఆగస్టులో, నేను ఎం.ఏ. అయి అక్కడే పరిశోధనలో చేరాక, ఒక సభ జరిగింది. 'కరువుకు ప్రకృతే కారణం' అని ఓ మేష్టారు జాగ్రత్తగా అంశం ఇచ్చారు. జీపు ఆ రోజూ వచ్చింది. ఈసారి ఆ ఇద్దరూ దిగి హాలు వెనక నిలబడ్డారు. మాట్లాడేవాళ్లం ఎనిమిదిమందిమి. మొదటి అమ్మాయి చీటీ విప్పి అనుకూలం అంది. రెండోవాడూ అనుకూలమే. వరసగా ఏడుగురూ అదే అన్నారు. చివర నేను చెయ్యి పెట్టాను. అనుకూలం.

తల ఎత్తి తిప్పయ్యను చూశాను. "ఈ పొద్దు ఎవురి కొంపా మునగదులేమ్మా," అన్నాడు నాకొక్కదానికే వినబడేట్టు.

అప్పటికీ కార్యదర్శిని నేనే. డబ్బా బోర్లించి, సభ ఆపి ఉండవచ్చు. ఆపలేదు. వేదికెక్కి, తప్పంతా మబ్బుల మీదికి నెట్టి మాట్లాడాను, బాగానే మాట్లాడాను. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది వెనక నిలబడ్డ ఆ ఇద్దరే. రిజిస్టర్లో 'ప్రతికూలం: ఎవరూ లేరు' అని రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత సభ పెడదామని ఎవరూ అనలేదు.

హాలు ఖాళీ అయ్యాక తిప్పయ్య మెట్ల మీద కూర్చుని ఎనిమిది చీటీలనూ దారంతో కట్టి జేబులో పెట్టుకుంటున్నాడు.

"కాల్చవా అన్నా?" అన్నాను.

"ఉండనీమ్మా. రేపు ఎవురన్నా వచ్చి యాడుండాయంటే చూపించాల గదా."