సౌండాయన చెవి

“మోత ఎంతో మీటరు చెబుతుందిరా. పాట ఎలా ఉందో చెవే చెప్పాలి. నాది చెప్పడం మానేసింది,” అన్నాడు సౌండాయన, తన పని చూడ్డానికి పాటకచేరీ మైదానానికి వచ్చిన బావమరిదితో.

స్పీకర్లు ఎటు తిప్పితే పక్క ఇళ్లవాళ్లకు నిద్ర చెడదో ముప్ఫై ఏళ్లుగా చెబుతున్న మనిషి. నిరుటి నుంచి సన్నని శబ్దాలు ఆయనకు అందడం లేదు. సంగతి బయటపడితే ఇక ఎవరూ పనికి పిలవరు.

“అక్కకు చెప్పావా బావా?”

“చెప్పాక అరిచి మాట్లాడుతోంది. ఆ గొంతు మాత్రం బాగానే వినబడుతోంది, నా ఖర్మ.”

బావమరిదికి నవ్వు రాలేదు. వేదిక మీద గాయని మైకు సరిచూసుకోవడం మొదలుపెట్టింది.

ఆయన గొంతు తగ్గించాడు. “నువ్వెళ్లి చివరి వరుసలో నిలబడు. ఆమె పాట చెవిలో గీరినట్టుంటే చెయ్యెత్తు. ఎవరన్నా అడిగితే చెమట తుడుచుకుంటున్నానను.”